గడియారముతో పందెము



సైకిలు తొక్కుటకు గూడ గురువు కావలయునా యని మీరు నవ్వవచ్చును. మన యూళ్లలో కాలువగట్టు మీద పాలబిందెలు తగిలించుకొని పోవువానికి గాని, పొరుగూరి బడికి పోవు బాలునికి గాని ఎవరును పాఠము చెప్పలేదు. రెండు మాఱులు క్రిందబడి మోకాళ్లు చెక్కుకొనిపోవుటతో ఆ చదువు ముగియును. అయినను, బ్రదుకెల్ల బడిపంతులుగా గడపినవాడను గనుక, ఎచ్చట నొక గురువును ఒక శిష్యుడును కనబడినను అచ్చట నిలిచి చూచుట నా కలవాటు. ఇంగ్లాండు దేశమున నొక వడ్రంగపు పనివాడు ఒక శిక్షకుని చెంత జేరి సైకిలు పందెములలో లోకమున కెల్ల మిన్న యైనాడు. వారిద్దఱి వృత్తాంతమును, గురువు లేకయే వారి కెదురు నిలిచిన మఱియొకని వృత్తాంతమును నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా ఆ దేశపు పందెముల రీతి కొంత తెలియవలెను. జీతము పుచ్చుకొని పందెములాడువారు వేఱు. తమ వృత్తి తాము చేసికొనుచు ప్రీతిచేత పందెములకు వచ్చువారు వేఱు. ఈ రెండవ తెగవారిని అమెచ్యూరులందురు. ప్రేమించువాడను నర్థము గల లాటిను పదమునుండి పుట్టిన మాట యది. మనము వ్రాయు 'ఔత్సాహికుడు' అను పదముకంటె దానియందు లోతు ఎక్కువ యని నాకు దోచును. ఇంగ్లాండులో నట్టివారు వేలకొలది గలరు. వారికి ప్రియమైన పందెము గుంపుగా బోవునది గాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర సైకిళ్లవారు గుంపులు గూడి బాటలపై పరుగెత్తుటచేత గుఱ్ఱపుబండ్లవారితోను పోలీసువారితోను తగవులు హెచ్చెను. అంతట 1895లో ఫ్రెడరిక్ టామస్ బిడ్లేక్ అను నాయన యొక యుపాయము పన్నెను. పందెగాండ్రను ఒక్కొక్కరినిగా, నడుమ కొంత యెడము విడిచి పంపవలెను. ఎవని కాలము వానికి గడియారముపై లెక్కింపవలెను. తక్కువ కాలమున దూరము ముగించినవాడే గెలిచినవాడు. తెల్లవాఱుజామున, నల్లని దుస్తులు దొడిగి, పందెమని పరులకు తెలియకుండ చాలకాలము వారీ పోటీలు జరుపుకొనిరి. ఇందు ప్రక్కవానిని చూచి పరుగెత్తుట లేదు. గాలికి వాని చాటున దాగుట లేదు. పరీక్షలో ప్రక్కవాని కాగితమువైపు చూచుటకు వీలులేనట్టి పద్ధతి యిది. పంతులనగుటచేత నాకిది మిక్కిలి నచ్చినది.

క్రిస్ బోర్డ్‌మన్ 1968లో ఆ దేశపు పడమటి తీరమున, విరల్ ద్వీపకల్పమునందలి హొయిలేక్ అను నూర బుట్టెను. తల్లిదండ్రులిద్దఱును సైకిలు పందెములయం దభిరుచి గలవారే. అతడు నేర్చినది కొయ్యపని. చిన్న వయసుననే పెండ్లియై బిడ్డలు కలిగిరి. పని యొకప్పుడు దొరకును, ఒకప్పుడు దొరకదు. ఇట్టి సంసారములో నుండియే అతడు గడియారపు పందెములలో పేరొందెను. కొండ యెక్కు పందెమున 1988 మొదలు 1991 వఱకు వరుసగా నాలుగేండ్లు ఆ దేశమునకు ప్రథముడయ్యెను. అయితే దేశమున ప్రథముడగుట వేఱు, లోకమున ప్రథముడగుట వేఱు. ఇంగ్లాండువారు అప్పటికి ఒలింపిక్ సైకిలు పందెములలో స్వర్ణపతకము నెఱిగి 1920 నుండి తరములు గడచిపోయినవి.

ఇట్టి యువకునికి 1980ల ఉత్తరార్ధమున దొరకిన శిక్షకుడు పీటర్ కీన్. ఆయన వ్యాయామ శరీరశాస్త్రము చదివి, ఆ దేశపు దక్షిణ తీరమున బోధించుచుండిన పండితుడు. శిష్యునికంటె కొలది యేండ్లు మాత్రమే పెద్ద. తానును పూర్వము పందెము లాడినవాడే. ఆయన యెదుటికి వచ్చిన పందెగానిని నిలిచి తొక్కు సైకిలుపై నెక్కించి, భారము కొంచెము కొంచెముగా బెంచుచు, ఇక తొక్కజాలనని యతడు చేతులెత్తువఱకు తొక్కించి, గుండె యెన్నిమాఱులు కొట్టుకొనుచున్నదో, కాళ్లు ఎంత బలము పుట్టించుచున్నవో వ్రాసికొనెడివాడు. పందెము ముగిసిన పిమ్మట భుజము తట్టువారును, ఓడినప్పుడు కేకలు వేయువారును లోకమున కొల్లలుగా నుందురు. ముందు కొలిచి పిదప మాటాడువాడు అరుదు.

ఇంతకు కొలుచుట యెందులకు? దేహమునందు జరుగు సంగతి యొకటి చెప్పవలసియున్నది. నెమ్మదిగా తొక్కునప్పుడు ఊపిరి తెచ్చు ప్రాణవాయువు కండలకు సరిపోవును. వేగము పెంచిన కొలది కండలలో లాక్టేటు అను పదార్థము హెచ్చుగా పుట్టును. కొంత మేరవఱకు దేహము దానిని ఎప్పటికప్పుడు వాడుకొని సర్దుకొనును. ఒక గట్టు దాటినంతనే అది రక్తమున పేరుకొనజొచ్చును, ఊపిరి యెగబ్రోయును, కాళ్లు బరువెక్కును. ఆ గట్టు దగ్గఱ సుమారొక గంట తొక్కవచ్చును. దానిని మీఱినచో కొలది నిమిషములే. ఆ గట్టు ఒక్కొక్కని కొక్కొక్కచోట నుండును. సాధనచేత దానిని పైకి జరుపవచ్చును. మడిగట్టు ఎంత యెత్తున్నదో తెలియక నీరు పెట్టువాడు లేడు గదా!

కీన్ ఈ కొలతలను బట్టి సాధనను నాలుగు మెట్లుగా విభజించెను. మొదటిది, మాటాడుచు తొక్కగల సుళువైన దూరపు సవారి. రెండవది, నిలకడగా సాగునది. మూడవది, నే జెప్పిన గట్టు దరిదాపుల తొక్కునది. నాలుగవది, కొలది నిమిషములు దేహమునందలి బలమంతయు వెచ్చించి, మరల నెమ్మదించి, మరల వెచ్చించునది. ప్రతి మెట్టునకును గుండె కొట్టుకొను లెక్క యింత యని హద్దు పెట్టెను. చూచుటకిది చిన్న సంగతి. కాని ఔత్సాహికు లెల్లరు చేయు పొరపాటున కిదియే మందు. పని చాలించుకొని సాయంకాలము గంటయో గంటన్నరయో సమయము చిక్కించుకొనువాడు, చిక్కిన కాలము వ్యర్థము గారాదని దినదినమును నడిమి రకముగా తొక్కును. సుళువుగా తొక్కవలసిననాడు గట్టిగా తొక్కి అలయును. గట్టిగా తొక్కవలసిననాడు ఆ యలసటచేతనే గట్టిగా తొక్కలేడు. ఏండ్లు గడచును, వేగము మాత్రము పెరుగదు. తాను కష్టపడుట లేదని తలంచి యింకను హెచ్చుగా తొక్కును. చెడుట యిచ్చటనే.

వ్యాయామము చేయునప్పుడు బలము పెరుగుననుకొనుట లోకమునందలి భ్రాంతి. అప్పుడు జరుగునది తఱుగుదల మాత్రమే. కండలోని పోగులు కొంత చెడును, నిలువయున్న శక్తి కరగును. పిదప తిండియు నిద్రయు విశ్రాంతియు దొరకినప్పుడు దేహము చెడినదానిని మునుపటికంటె కొంచెము గట్టిగా కట్టుకొనును. ఆ కట్టుకొనుటయే బలము. కట్టుచుండగానే మరల పడగొట్టినచో గోడ లేవదు. ఇది మన పెద్దలకు తెలియని విషయము గాదు. నేను చదువుకొనిన సంస్కృత పాఠశాలలో పాడ్యమినాడును అష్టమినాడును పాఠము లేదు. అమావాస్యకును పూర్ణిమకును లేదు. అనధ్యయనమని దానికి పేరు. కుఱ్ఱవాండ్రమగుటచే ఆటవిడుపనుకొంటిమి గాని, చదివినది నిలుచుట కది కావలయునని మా గురువు లెఱుగుదురు. బండలాగుడు పందెములకు ఎడ్లను సిద్ధపఱచు రైతు సంగతి మీకు నేను జెప్పవలెనా? ఉలవలు పెట్టి, బరువు దినదినమునకు పెంచుచు లాగించినవాడే, పందెము దగ్గఱపడగానే ఎడ్లకు బరువు తగ్గించును. ముందునాడు సయితము బండ కట్టి లాగించువానిని చూచి ఊరివారు నవ్వుదురు. ఎద్దు విషయమున నిది యెఱిగియు, మన బిడ్డల విషయమున మఱచెదము.

కీన్ చేసిన రెండవ పని నాకు మొదటిదానికంటె వింతగా దోచినది. ఆయన శిష్యుని బలముతో లెక్క మొదలుపెట్టలేదు, పందెముతో మొదలుపెట్టెను. నాలుగు కిలోమీటర్ల పందెము గెలువవలెనన్న నెంత కాలములో ముగింపవలెను? ఆ వేగమునకు గాలి యెంత యడ్డు చెప్పును? ఆ యడ్డును త్రోయుట కెంత బలము కావలెను? ఇప్పు డీతనియొద్ద నెంత యున్నది? కొఱత యెంత? ఇట్లు వెనుకనుండి ముందునకు లెక్క కట్టెను. గణితము వచ్చినవారి కీ మాట రుచించును. సైకిలు వేగముగా పోవునప్పుడు తొక్కువాని శక్తిలో పెద్దభాగము గాలిని చీల్చుటకే పోవును. గాలి నెదిరించుటకు కావలసిన బలము వేగము యొక్క ఘనముననుసరించి పెరుగును. అనగా వేగము రెట్టింపు గావలెనన్న బలము ఎనిమిది రెట్లు కావలెను. వేగము పదింట నొకవంతు పెంచుటకే బలము ఇంచుమించు మూడింట నొకవంతు పెంచవలసివచ్చును. కాళ్ల బలమును అంతగా పెంచుట యేండ్ల పని. వీపు వంచి, మోచేతులు దగ్గఱకు చేర్చి, తల దించి గాలికి చిన్నవాడగుట కొలది నెలల పని. అందుచేత బోర్డ్‌మన్ బలము పెంచుకొనుటతో పాటు గాలికి అడ్డము తగ్గుట గూడ నేర్చెను.

1992 బార్సిలోనా ఒలింపిక్ పోటీలు వచ్చెను. ఆ పోటీల సైకిలు పందెములలో జీతగాండ్రకు ప్రవేశము లేదు. 1996లో గాని వారిని రానీయలేదు. బోర్డ్‌మన్ అప్పటికి చేతిలో పనిలేని వడ్రంగి. అతడు దిగిన పందెమున ఇద్దఱు చుట్టుబాటకు ఎదురెదురు ప్రక్కల నిలిచి ఒక్కమాఱే బయలుదేఱుదురు. నాలుగు కిలోమీటర్లు ముందు ముగించినవాడు గెలుచును. నడుమనే ఎదుటివానిని వెన్నంటి పట్టుకొన్నచో పందె మచ్చటనే ముగియును. తుది పోరాటమున నిట్లు పట్టుకొనుట మిక్కిలి యరుదు. బోర్డ్‌మన్ మునుపటి సుత్తున 4 నిమిషముల 24 సెకండ్లకు కొంచెము మీఱిన కాలములో, అనగా గంటకు 54 కిలోమీటర్లు దాటిన వేగముతో, ఆ దూరము ముగించి లోకమున కొత్త మేర నిలిపెను. జూలై 29వ తేదీనాటి తుది పోరాటమున జర్మనీ దేశపు యెన్స్ లేమన్‌ను వెన్నంటి పట్టుకొనెను. 72 ఏండ్ల పిమ్మట ఇంగ్లాండువారికి సైకిలు పందెమున స్వర్ణపతకము దక్కెను.

మఱునాటి పత్రికలలో మనుష్యునికంటె యంత్రము పేరే హెచ్చుగా వినబడెను. మైక్ బరోస్ అను చతురుడు కల్పించి, లోటస్ అను కార్ల సంస్థవారు చేయించిన ఆ సైకిలునకు మామూలు గొట్టముల చట్రము లేదు. కర్బనపు పోగులతో పోతపోసినట్లు ఒకే దేహము. చూచుటకు వింతవస్తువే. అయితే దానిపై నెక్కినవాడు ఏండ్ల తరబడి ఎన్నిమాఱులు ఊపిరి యెగబ్రోయ తొక్కెనో చిత్రపటములలో కనబడదు. మంచి కలము దొరకినంతనే కవిత్వము వచ్చునా?

ఇక గురువులేని వాని సంగతి. స్కాట్లాండు దేశపు గ్రేమ్ ఓబ్రీ తన సాధన తానే నిర్ణయించుకొనినవాడు. తన సైకిలు తానే చేసికొనినవాడు. బట్టలుతుకు యంత్రములోని బేరింగులను దానికి వాడెనని లోకమంతట చెప్పుకొనిరి. చేతులు ఱొమ్మునకు ముడిచి, ముందునకు వ్రాలి కూర్చుండు భంగిమయు అతని కల్పనయే. ఒక గంటలో నెంత దూరము పోగలరను పందెము సైకిలువారిలో కడు గొప్పది. అందు ఇటలీ దేశపు ఫ్రాంచెస్కో మోజెర్ 1984లో నిలిపిన మేర 51.151 కిలోమీటర్లు. 1993 జూలై 16వ తేదీని నార్వే దేశపు హామార్‌లో ఓబ్రీ దానికై యత్నించి విఫలుడయ్యెను. ఎవరైనను వారముల విశ్రాంతి కోరుదురు. అతడు మఱునాటి యుదయమే మరల దిగుదుననెను. రాత్రి కాళ్లు బిగిసిపోకుండుటకై కడుపునిండ నీరు త్రాగి పరుండెను. మూత్రమునకు లేచిన ప్రతిమాఱును కాళ్లు సాగదీసికొని మరల పరుండెను. తెల్లవాఱి 51.596 కిలోమీటర్లు తొక్కి మోజెర్‌ను మించెను. ఏ శిక్షకుడును ఒప్పుకొనని పని యది. ఏకలవ్యుడు మీకు జ్ఞప్తికి వచ్చుచున్నాడు గదా, నాకును వచ్చినాడు.

ఆరు దినములు తిరిగినవి. జూలై 23వ తేదీని ఫ్రాన్సు దేశపు బోర్డోలో బోర్డ్‌మన్, కీన్ వేసిన లెక్క ననుసరించి, 52.270 కిలోమీటర్లు తొక్కెను. అయితే కొలది వారములకే హామార్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో, బోర్డ్‌మన్‌కు ప్రియమైన నాలుగు కిలోమీటర్ల పందెముననే, ఓబ్రీ అతని నోడించి విజేత యయ్యెను. 1994 ఏప్రిలులో గంట పందెమున గూడ 52.713 కిలోమీటర్లతో మరల మించెను. గురువున్నవాడే గెలుచునని పంతులుగా నేను చెప్పదలచినను ఈ లెక్కలు చెప్పనీయవు. ఇంతకంటె చిత్రమొకటి గలదు. అధికారులు ఓబ్రీ మొదటి భంగిమను నిషేధింపగా, అతడు చేతులు ముందునకు చాచి గాలిలో నెగురువాని వలె కూర్చుండు రెండవ భంగిమను కనిపెట్టెను. 1996 సెప్టెంబరు 6వ తేదీని మాంచెస్టరులో బోర్డ్‌మన్ ఆ భంగిమనే తాల్చి గంటలో 56.375 కిలోమీటర్లు తొక్కెను. ద్రోణశిష్యుడు ఏకలవ్యుని విద్య నేర్చెనన్నమాట. ఎవని బొటనవ్రేలును ఎవరును అడుగలేదు.

ఓబ్రీ యేండ్ల తరబడి తీవ్రమైన మనోవ్యాధితో పెనగులాడెను. ఆ సంగతి తానే గ్రంథమున వ్రాసికొనెను. గురువు లేకపోవుట దానికి కారణమని నేననను. వ్యాధికి కారణములు వేఱు. పంతుళ్లకు అట్టి తొందరపాటు తీర్పులు తగవు. కాని ఒంటరి సాధకుని చెంత 'నీ వెట్లున్నావు, నిన్న నిద్రపట్టినదా' యని యడుగువాడొకడు లేనిచో, మంచిరోజును చెడ్డరోజును వాడొక్కడే మోయవలెను. కొలతలెన్ని యున్నను శిక్షకుని పనిలో నీ రెండు ప్రశ్నలే పెద్దభాగమని నా యభిప్రాయము.

నేడు ఔత్సాహికుని స్థితి మాఱినది. జర్మనీలో ఉల్రిచ్ షోబెరర్ అను నాయన 1986లో కాలి బలమును తొక్కుచుండగనే కొలుచు పరికరమును నిర్మించెను. అప్పుడది కొద్దిమందికే అందెడి వస్తువు. పిదప అట్టివి సామాన్యుల చేతికి వచ్చినవి. ఒక పట్టణమున గుమాస్తా పని చేయువాడు తెల్లవాఱి తొక్కిన లెక్కంతయు మఱియొక దేశముననున్న శిక్షకుడు మధ్యాహ్నమునకు చేతిఫోనులో చూచి, 'రేపు తొక్కవలదు' అని చెప్పవచ్చును. ఈ 'వలదు' అనుటకే తఱచుగా శిక్షకునికి రుసుము. తొక్కుమని చెప్పుటకు శిష్యుని యుత్సాహమే చాలును. మన యూళ్లలో పోలీసు కొలువునకై తెల్లవాఱకమునుపే 1600 మీటర్లు పరుగెత్తు పిల్లలను మీరు చూచుచుందురు. దినదినమును గడియారము పట్టి, ఉన్న బలమంతయు పెట్టి, ఎంపికకు ముందు వారమున కాలి యెముక నొప్పితో కుంటు పిల్లలను నేనెఱుగుదును. వారి ఇండ్లలో శిక్షకులు లేరు, పెద్దలున్నారు. వారమునకు రెండు దినములు మాత్రమే గట్టిగా పరుగెత్తి, తక్కిన దినములలో మాటాడగల నెమ్మదితో పరుగెత్తి, ఒకనాడు పూర్తిగా మానుమని చెప్పుటకు శాస్త్రము చదువనక్కఱలేదు. ఎంపిక ముందు వారమున సగము తగ్గింపుమనుటకు ఎడ్లనెఱిగిన రైతు చాలును.

కీన్ 1997లో ఆ దేశపు సైకిలు పందెముల శిక్షణ కంతకు నాయకుడయ్యెను. బోర్డ్‌మన్ 1993లోనే జీతపు పందెగాండ్రలో జేరి, మఱుసటి యేట ఫ్రాన్సు దేశపు మహాపందెమున మొదటిదినమే గెలిచి పసుపు అంగీ తొడిగెను. ఆ కథ పెద్దది, దానిని విడిచెదను. చివరి ఘట్టమొకటి మాత్రము చెప్పవలెను. అతని యెముకలు వయసునకు మించి గుల్లబాఱినవని వైద్యులు కనుగొనిరి. దేహమున పురుష హార్మోను తక్కువగా నుండుట అందుకు ముడిపడియున్నది. దానికి మందు గలదు. కాని పందెముల నియమముల ప్రకార మా మందు నిషిద్ధము. చాటుగా పుచ్చుకొనువారు పెక్కురున్న కాలమది. అతడు పుచ్చుకొనలేదు, పందెములు మానుటకు నిశ్చయించుకొనెను.

ఆ లోపల అధికారులు గంట పందెపు నియమములు మార్చి, వింత భంగిమలను, వింత సైకిళ్లను త్రోసివేసి, బెల్జియము దేశపు ఎడీ మెర్క్స్ 1972లో మామూలు సైకిలుపై నిలిపిన 49.431 కిలోమీటర్లనే మేరగా గైకొనిరి. 2000 సంవత్సరము అక్టోబరు 27వ తేదీని మాంచెస్టరు చుట్టుబాటపై బోర్డ్‌మన్ గొట్టముల చట్రము గల సైకిలు నెక్కెను. నడుమ మెర్క్స్‌కంటె వెనుకబడి, కడపటి చుట్లలో కూడదీసికొని, గంట ముగియునప్పటికి 49.441 కిలోమీటర్లు పోయెను. 28 ఏండ్ల మేరను మించినది పది మీటర్లు. మన బడిలో నొక గది నిడివి కంటె కొంచె మెక్కువ. ఆ పందెముతో అతడు విరమించెను. పందెములు మానినవానికి మందు నిషిద్ధము గాదు.